పేరు లేని పాటపెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాటపెట్టెలకు కొదవ లేదు, పాటకే కొదవ. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో మా ఇల్లు. మా మేనమామ గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ మాతోనే ఉండేవాడు. సెలవు రోజొస్తే చాలు, పాత సామాన్ల బండ్ల వెంట పడి, ఎవరికీ అక్కరలేని ఫోనోగ్రాఫును చంకన పెట్టుకొని ఇంటికొచ్చేవాడు. ఒకదానికి బూర ఉంటే స్ప్రింగు ఉండదు, ఇంకోదానికి స్ప్రింగు ఉంటే సూది ఉండదు. బియ్యం డబ్బాలు పెట్టుకోవాల్సిన చోటంతా అవే మూగమొద్దుల్లా కూర్చునేవి. పక్కింటివాళ్ల గ్రామఫోను మాత్రం సాయంత్రమైతే పాట అందుకునేది. నేను గోడకు చెవి ఆనించి వినేదాన్ని. వింటున్నంతసేపూ ఒళ్లు మండిపోయేది.

మామయ్యకు అవి పాడకపోయినా దిగులు లేదు. ఎవరు చేశారో, ఏ ఊరి నుంచి వచ్చాయో తెలిస్తే ఆయన కడుపు నిండిపోయేది. మరమేకు తల చూసి, బూర వంపు చూసి, తాళం తిప్పినప్పటి చప్పుడు విని ఇది ఫలానా కంపెనీది అనేవాడు. ఆబిడ్స్‌లో గ్రామఫోన్లు అమ్మే షాపులవాళ్లు కూడా పాత పెట్టె చేతికొస్తే ఆయన్నే పిలిచి చూపించేవారు.

అలాంటి మనిషికి ఒక పెట్టె కొరకరాని కొయ్య అయింది. పళ్లెం లాంటి రికార్డు కాకుండా, మైనపు గొట్టం తొడిగితే పాడే పాతకాలపు రకం. ముందువైపు, పేరుండాల్సిన చోట, ముదురెరుపు పెచ్చు ఒకటి గట్టిగా అంటుకొని ఉంది. ఎవరో లక్క పూశారనీ, గీకితే చెక్క పాడవుతుందనీ మామయ్య దాని జోలికి పోలేదు. నెలల తరబడి ఆ పెట్టెను ముందేసుకొని కూర్చున్నాడు. ఒకరు జర్మనీది అన్నారు, ఒకరు అమెరికాది అన్నారు. ఆయన దేనికీ ఒప్పుకోలేదు.

ఈలోగా ఆబిడ్స్‌లో ఒక షాపు యజమాని దాని మీద మనసు పడ్డాడు. అద్దాల వెనక పెట్టి వచ్చేపోయేవాళ్లకు చూపిస్తానన్నాడు. బదులుగా కొత్త గ్రామఫోను, దాంతోపాటు రికార్డులు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే. అందరికీ తెలిసిన ఒక పెద్ద కంపెనీ పేరు చెప్పి, ఇది వాళ్లు తొలినాళ్లలో చేసిన పెట్టె అని మామయ్య నోటితో అనాలి. ఆయన అంటే ఊళ్లో ఎవరూ కాదనరు. చూసి చెబుతానని మామయ్య దాటవేశాడు. చూసేదేముందో నాకు అర్థం కాలేదు. ఆ కొత్త గ్రామఫోనును మా ఇంట్లో ఎక్కడ పెట్టాలో కూడా నేను అప్పటికే అనుకొని ఉంచుకున్నాను.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు మా ఇంట్లో కత్తిపీట, కుట్టుమిషనులతో పాటు మామయ్య పెట్టెలు కూడా బారులు తీరేవి. అమ్మమ్మ ఒక్కోదానికి బొట్టు పెడుతూ ఆ పెట్టె దగ్గర ఆగి, పెచ్చును గోటితో గిల్లి వాసన చూసింది. అది లక్క కాదు, కుంకుమ.

"దీనికి మనకన్న ముందే ఎవరింట్లనో పూజ చేసిన్రు. ఏటేటా బొట్టు మీద బొట్టు పెట్టిన్రు" అంది.

మామయ్య పూజ మధ్యలోనే నువ్వుల నూనె తెచ్చి, పాత గుడ్డతో నానబెట్టి, ఒక్కో పొరా ఊడదీశాడు. అడుగున ఇత్తడి పలక కనిపించింది. పేరు చదువుదామని నేను ముందుకు వంగాను. కానీ ఆ పలక బోసిగా ఉంది. బొట్లు మొదలుపెట్టకముందు ఆ ఇంటివాళ్లు చింతపండుతో ఎన్నేళ్లు తోమారో, అక్షరాలన్నీ అరిగిపోయాయి. చివర ఒక అక్షరం తోక మాత్రం మిగిలింది.

పండుగ కాగానే, చెబుతానన్న జవాబు చెప్పడానికి మామయ్య పెట్టెతో ఆబిడ్స్‌కు బయలుదేరాడు. నేనూ వెంటపడ్డాను. షాపాయన మమ్మల్ని కూర్చోబెట్టి, మాకివ్వబోయే గ్రామఫోను మీద రికార్డు పెట్టాడు. పాట మొదలైంది. ఆయన పలక మీది తోకను చూసి సంబరపడ్డాడు.

"ఆ కంపెని పేరుకు గీ తోక సరిపోతున్నది గద సాబ్. మీరు ఔ అంటె చాలు."

మామయ్య నా వైపు చూశాడు. అనెయ్యమన్నట్టు నేను తల ఊపాను.

"గీ తోక శానా పేర్లకుంటది. ఇది ఎవరిదో నాకు తెల్వది" అన్నాడు.

షాపాయన ఇంకోసారి అడిగాడు. మామయ్య అదే మాట చెప్పాడు. షాపాయన రికార్డు మీది సూది ఎత్తేశాడు. పాట చరణం మధ్యలో ఆగిపోయింది.

తిరిగి వస్తుంటే నేను మామయ్యకు ఆమడ దూరంలో నడిచాను. పెట్టె మోస్తూ ఆయన రొప్పుతున్నా జాలి కలగలేదు. నాంపల్లిలో ఇరానీ హోటల్ ముందు ఆయన ఆగాడు. లోపల గ్రామఫోను పాడుతోంది. పెట్టెను నేల మీద దించి, పాట అయిపోయేదాకా నన్ను విననిచ్చాడు. విన్నాను గానీ కోపం దిగలేదు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుండె అని అడిగాను.

"నేనంటె అదే దాని పేరైపోతది బిడ్డా. రేపు అసలు పేరు తెలిసినోడు వచ్చినా ఎవ్వరు నమ్మరు. కుంకుమంటె నూనెతోని పాయె. నా మాట దేనితోని పోతది?"

ఆ సమాధానం నాకు అప్పుడు రుచించలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా రుచించదు. మామయ్య ఉన్నంతకాలం మా ఇంట్లో పాడే పెట్టె రానేలేదు. తర్వాత నేను పంతులమ్మనయ్యాను. పిల్లలు అడిగినదానికి జవాబు రాకపోతే, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం ఎంత సులువో నాకు తెలుసు. వాళ్లు నన్ను నమ్ముతారు కూడా. నోటి దాకా వచ్చిన మాటను మింగి, తెలియదు అంటాను.

ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది. దసరాకు దానికి బొట్టు పెడతాను. పలక మీద కాదు, పక్కన చెక్క మీద. ఆ తోకను గుర్తుపట్టేవాళ్లు ఏనాటికైనా రావచ్చు. వచ్చినవాళ్లు ఇది ఏ కంపెనీదని అడిగితే తెలియదనే చెబుతాను. ఆ మాట అన్నప్పుడల్లా ఆబిడ్స్ షాపులో సగంలో ఆగిన పాట గుర్తొస్తుంది. దాని తరువాయి చరణం ఏమిటో కూడా నాకు తెలియదు.