భాస్కరం గారు కాపీ కొట్టలేదు

కొత్త పుస్తకం విప్పగానే వచ్చే సిరా వాసన, జిగురు వాసన నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. పోయిన వారం డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్ తెలుగు సంఘం వార్షికోత్సవ సంచిక పోస్టులో వచ్చింది. హైదరాబాదులో అచ్చు వేయించి తెప్పించారు. అలవాటు కొద్దీ పేజీలు ముక్కు దగ్గర పెట్టుకుని తిప్పుతూంటే, సంఘం రేడియో కార్యక్రమం మీద రాసిన వ్యాసంలో ఒక వాక్యం కనిపించింది. మొదట్లో హాస్య నాటికలు నడిపిన భాస్కరం పాత బ్రిటిష్ రేడియో హాస్యాన్ని కాపీ కొట్టేవారని తేలిందట. తర్వాతి తరం వచ్చి కార్యక్రమానికి సొంత గొంతు ఇచ్చిందట. ఆ తర్వాతి తరం నేనే. పక్కన నా ఫొటో కూడా వేశారు.

ఆ వాక్యం అబద్ధం. తేలిందట! ఎవరు తేల్చారు? ఏ నాటిక పక్కన ఏ టేపు పెట్టి విన్నారు? భాస్కరం గారు పోయి ఐదేళ్ళయింది. ఈ ఊళ్ళో ఇప్పుడు ఆయన్ను ఎరగని వాళ్ళే ఎక్కువ. వాళ్ళకు ఆయన గురించి మిగిలేది ఈ ఒక్క వాక్యమే అయితే, అందులో మొదటి తప్పు నాది. అందుకే రాస్తున్నాను.

నేను హెచ్‌వన్ వీసా మీద ట్రాయ్ వచ్చేసరికి ఆయనకు అరవై దాటాయి. కుర్రతనంలో ఇంగ్లండు వెళ్ళి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కణ్ణించి డెట్రాయిట్ చేరిన ఇంజనీరు. ఇక్కడి కాలేజీ రేడియో స్టేషను మా సంఘానికి ఆదివారం ఉదయం అరగంట ఇచ్చేది. అందులో పది నిమిషాలు ఆయన నాటిక. పాత్రలకు మనుషులు కావాలంటే సరదాగా వెళ్ళాను. వాళ్ళింటి బేస్‌మెంటులోకి దిగగానే నా చేతిలో ఒక గుడ్డసంచి పెట్టారు. లోపల మెత్తగా పిండిలాంటిదేదో ఉంది.

"పిసుకు," అన్నారు.

పిసికాను. కరకరమని, అచ్చం మంచులో బూట్లేసుకుని నడిచినట్టు చప్పుడు.

"కార్న్‌స్టార్చ్. మా ఆవిడ వంటింట్లోంచి కొట్టుకొచ్చాను. చెప్పకు."

"వినపడుతోందండీ!" అని పైనుంచి ఆంటీ అరిచారు.

ఆ విద్యలన్నీ ఆయనకు టేపుల నుంచి వచ్చాయి. ఇంగ్లండులో ఆయన అద్దెకున్న ఇంటావిడ సాయంత్రాలు రేడియో పెట్టుకుని పగలబడి నవ్వేదట. ఈయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఆవిడ నవ్వడం చూసి నేనూ నవ్వేవాణ్ణి. నవ్వే ఇంట్లో నవ్వలేనివాడి బతుకేమిటో అప్పుడు తెలిసింది," అనేవారు. ఒక టేప్ రికార్డరు కొని, యుద్ధం ముగిసిన కొత్తలో మొదలై ఇంకా పునఃప్రసారమవుతున్న ఆ హాస్య కార్యక్రమాలను రికార్డు చేసుకున్నారు. అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ విన్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు, బ్రెడ్డుకీ గుడ్డుకీ కూపన్లు పట్టుకు నిలబడ్డ జనం, తమ అధికారులనూ తమ దరిద్రాన్నీ వెక్కిరించుకున్న నాటికలవి. "మనల్ని ఏలిన దొరలు తమని తాము ఎంత బాగా తిట్టుకున్నారో విను," అని నాకు వినిపించేవారు. నాటిక ఆపి, "ఇక్కడ ఆ నటుడు ఏం చేశాడు?" అని అడిగేవారు. ఏమీ చేయలేదు సార్ అంటే, "అదే చేశాడు. జనం నవ్వేదాకా ఊరుకున్నాడు," అనేవారు.

ఆ కార్యక్రమాలు ప్రేక్షకుల ఎదుట రికార్డయినవి. అందుకని ఆయనకు ఒక పట్టుదల ఉండేది. నాటికలో వినిపించే నవ్వు ఆ నాటికకే పుట్టినదై ఉండాలి. నెలకోసారి పన్నెండు మడత కుర్చీలు వేసి, తెలిసిన వాళ్ళను పిలిచి, సీలింగుకు మైకు వేలాడదీసి వాళ్ళ ముందు ఆ నెల నాటికలన్నీ ఆడించేవారు. పకోడీలు మాత్రం రికార్డింగ్ అయ్యాకే.

"పెట్టెయ్యండి అంకుల్, వాసన చంపేస్తోంది," అని ఎవరైనా అంటే, "తిన్నవాడు మొహమాటానికి నవ్వుతాడు. నాకు ఆ నవ్వు వద్దు," అనేవారు.

రెండేళ్ళ తర్వాత నేను సొంతంగా ఒక నాటిక రాశాను. డ్రైవింగ్ టెస్టులో నాలుగుసార్లు ఫెయిలైన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కథ. రాస్తున్నంతసేపూ నాకు నేనే నవ్వుకున్నాను. పన్నెండు కుర్చీల ముందు ఆడితే ఒక్కరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. అందరూ వెళ్ళాక భాస్కరం గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"చచ్చింది నాయనా. నావి ఇలాంటివి ఇరవై చచ్చాయి. మళ్ళీ రాయి."

"ఆదివారం ప్రసారం ఉంది కదా సార్."

"పాతది వేద్దాం. నువ్వు మాత్రం దీన్ని వెయ్యకు."

వేశాను. ఆయన టేపులను కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకే అప్పగించారు కాబట్టి అవన్నీ నా దగ్గరే ఉన్నాయి. అందులోంచి లండను జనం నవ్వు కోసి, నా నాటికలో ఏడు చోట్ల అతికించాను. కార్యక్రమాన్ని స్టేషనుకు చేర్చేది కూడా నేనే. ఆదివారం మధ్యాహ్నం దాకా ఫోన్లే ఫోన్లు. "ఇరగదీశావు తమ్ముడూ!" అన్నారు. భాస్కరం గారి నుంచి మాత్రం ఫోను రాలేదు.

అతికించడంలో ఒక చోట పొరపాటు జరిగింది. నవ్వు చివర ఇంగ్లీషు నటుడి గొంతు ఒక అరక్షణం ఉండిపోయింది. సంఘం కార్యదర్శి అది పట్టుకున్నాడు. నాటిక రాసింది నేనైనా రికార్డింగ్ చేసేది భాస్కరం గారేననీ, ఆయన ఇంటి నిండా బ్రిటిష్ టేపులున్నాయనీ అందరికీ తెలుసు. ఇక లెక్క సులువైపోయింది. ఇన్నేళ్ళ నాటికలన్నీ అక్కడివేనని తీర్మానించేశారు. ఇమిగ్రేషన్ లాయరు చుట్టూ తిరగడం మీద, డ్రైవ్‌వేలో మంచు ఎవరు ఎత్తాలని మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవడం మీద ఆయన నాటికలు రాశారు. కూపన్ల కాలపు లండనులో హెచ్‌వన్ వాడు ఎక్కడున్నాడని ఒక్కడైనా అడగాలా వద్దా? అడగలేదు. అందరూ చదువుకున్న వాళ్ళే.

లైబ్రరీ గదిలో కమిటీ కూర్చుంది. ఆ రోజు కుర్చీల్లో ఉన్న పన్నెండుమందిలో ఒక్కరూ అందులో లేరు. "ఇన్నాళ్ళూ మాకు తెల్లవాళ్ళ ఎంగిలి పెట్టారన్నమాట," అన్నాడు అధ్యక్షుడు.

"ఆ నవ్వు నా టేపులోదే," అన్నారు భాస్కరం గారు. ఆయనకు ఆ టేపుల్లో ప్రతి నవ్వూ తెలుసు.

"అంటే ఒప్పుకున్నట్టేగా?"

"టేపు నాదని ఒప్పుకున్నాను. మిగతాది తెలిసినవాళ్ళు చెప్పాలి."

చెప్పి ఊరుకున్నారు. నా వైపు చూడలేదు. నేను పేపరు కప్పులో టీ వైపు చూస్తూ కూర్చున్నాను. దొంగతనం ఒప్పుకోవడానికి కాదు నేను జంకింది. నా నాటికకు ఎవరూ నవ్వలేదని ఆ పదిమంది ముందు చెప్పడానికి. అంత చిన్న విషయానికి ఆయన పేరు పోతూంటే చూస్తూ ఊరుకున్నాను. నెల తిరక్కుండా కార్యక్రమం నా చేతికిచ్చారు. తీసుకున్నాను. ఆరేళ్ళు నడిపాను.

మధ్యలో ఒకసారి ఇండియన్ స్టోరులో ఎదురుపడ్డారు. చేతిలో కరివేపాకు కట్ట.

"ఎలా నడుస్తోంది?"

"బాగానే సార్."

"జనాన్ని పిలిచి రికార్డు చేస్తున్నావా?"

"టైం కుదరట్లేదు సార్."

"పిలుస్తూ ఉండు," అని కౌంటరు వైపు వెళ్ళిపోయారు. చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. నేను పప్పు ప్యాకెట్ల వైపు తిరిగాను.

సంచిక చదివిన రోజే సంపాదకుడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ముప్పై ఏళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. "అయ్యో సార్, ఇప్పుడెందుకండీ ఇవన్నీ? ఆయన కూడా లేరు కదా. అందరికీ నెగటివ్‌గా ఉంటుంది," అన్నాడు. లేని మనిషి మీద అబద్ధం అచ్చు వేస్తే నెగటివ్ కాదట, ఉన్న మనిషి నిజం చెబితే నెగటివట! సవరణ వేయరు సరికదా, కావాలంటే వెబ్‌సైటులో పెట్టే ప్రతిలోంచి నా ఫొటో తీసేస్తామన్నాడు. ఆ ఫొటో ఎవడిక్కావాలి!

నిన్న భాస్కరం గారమ్మాయి సుధ ఇంటికి వెళ్ళాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇప్పుడు తనకే బడికి వెళ్ళే కొడుకున్నాడు. సోఫాలో కూర్చోకుండానే అంతా చెప్పేశాను. అడ్డు తగలకుండా విన్నది.

"నాన్నకి తెలుసు అంకుల్. ఆ సండేనే చెప్పారు మాకు. అది వాడు పెట్టాడు అని."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదమ్మా?"

"అమ్మ కూడా అదే అడిగింది. హి విల్ టెల్ దెమ్, నేను చెప్తే వాడు ఇంక రాయడు అన్నారు." సోఫా చూపించి, "మీరు రాశారా అంకుల్, తర్వాత?" అంది.

రాయలేదు. నడిపిన ఆరేళ్ళలో ఇతరులవి ఆడించాను గానీ నా చేత్తో ఒక్క నాటికా రాయలేదు. ఆ మాటే సుధతో చెప్పాను. ఆ అమ్మాయి కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. వీధి తలుపు దాకా వచ్చి, "ఇది రాయండి," అంది.

రాశాను. భాస్కరం గారు ఎవరినీ కాపీ కొట్టలేదు. ఆ నవ్వు అతికించింది నేను. ఇప్పటికీ ఆఫీసులోనో పెళ్ళిలోనో నా మాటకు నలుగురు నవ్వితే నాకు వెంటనే నమ్మకం కుదరదు. మాట ఆపి, నిజంగా నవ్వుతున్నది ఎవరా అని ఒక్కొక్క ముఖమే వెతుక్కుంటాను.