విప్పు పోయిన వరండా

ఆ రోజుల్లో నేను ఎవరినీ ఊరికే నమ్మేవాణ్ణి కాదు, అదే తెలివనుకునేవాణ్ణి. గద్వాల కాలేజీ హాస్టల్లో ఉండగా మా సివిక్స్ సారు నమూనా లోక్‌సభ పెట్టించారు. స్పీకరు కుర్చీకి కుడివైపు అధికారపక్షం, అంటే మేం పదహారుమందిమి. ఎడమవైపు ప్రతిపక్షం, పదిహేనుమంది. బిల్లు ఒక్కటే: బుధవారం రాత్రి ఉప్మా బదులు జొన్నరొట్టె. నెగ్గితే నిజంగానే పెట్టిస్తానని వార్డెన్ మాటిచ్చాడు. (ప్రతిపక్షానికి రొట్టె మీద కోపమేమీ లేదు, వ్యతిరేకించడం వాళ్ల పనని సారు చెప్పారు, అంతే.) మావాళ్లంతా పార్టీ చెప్పినట్టే ఓటేసేలా చూసే విప్పును నేను.

స్పీకరు ఆ పదహారుమంది లెక్కలో లేడు గానీ మావాడే, మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. కుర్చీ ఎక్కగానే "నేనిప్పుడు ఎవ్వని పార్టీ గాదు. ఓట్లు సమానమైతేనే నేనేస్త" అన్నాడు. నియమం అదే అయినా, వాణ్ణెవరో తిప్పేశారనిపించింది. ఆ రాత్రే డైరీలో మా పదహారు పేర్లూ రాసి, ఐదింటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. (నా పేరు పక్కన పెట్టలేదు.) అందరికంటే ఎక్కువ అనుమానం నా గదిలోనే ఉండే లింగాల ఊరివాడి మీద. ప్రతిపక్ష నాయకుడితో నవ్వుతూ మాట్లాడుతుంటే చూశాను మరి.

"ఏంది రా, వాంతోని గుసగుసలు?"

"సబ్బు అడిగిన రా. నీ సబ్బుకు నువ్వు తాళమేసుకుంటివి గద!"

నేను నమ్మలేదు. ఓటింగు రోజు సారు పద్ధతి చెప్పారు: బిల్లు కావాలన్నవాళ్లు కుడి వరండాలోకి, వద్దన్నవాళ్లు ఎడమ వరండాలోకి పోవాలి. గంట మోగడం ఆగగానే తలుపులు మూస్తారు. ఏ వరండాలో ఎన్ని తలలుంటే అన్ని ఓట్లు. గంట మొదలైంది. లింగాలవాడు మెల్లగా ఎడమ తలుపులోంచి జారుకున్నాడు. దొరికాడనుకుని వెనకే పరుగెత్తాను. గుంపులో వాడి కోసం ఒక్కొక్క మొహమే చూస్తుండగా గంట ఆగింది, తలుపు పడింది.

కావాలన్నవి పదిహేను, వద్దన్నవి పదహారు. నన్ను లెక్కలోంచి తీసేయమని సారును బతిమాలాను. "తలుపు మూశాక మారదు నాయనా" అన్నారు. ప్రతిపక్ష నాయకుడు నన్ను కావలించుకున్నాడు.

కుడి వరండాలోంచి లింగాలవాడు బయటికొచ్చాడు. "ఆ వరండాల కుండల నీళ్లు తాగనీకె పోయి అప్పుడే మల్ల ఇటు వస్తి గద రా! నా ఎంబడి పడి అందరి రొట్టె పోగొడ్తివి!"

ఆ ఏడాది ప్రతి బుధవారం వాడే గరిటె పట్టుకుని, "జర జరుగుండ్రి, ముందుగాల విప్పుగారికి" అని నా పళ్లెంలో రెండింతల ఉప్మా వేసేవాడు. అంతా తినేవాణ్ణి.

ఇప్పుడు టీవీలో లోక్‌సభ చూస్తుంటే, మా ఇంట్లోవాళ్లందరూ ప్రధాని కోసం చూస్తారు, నేను విప్పుల కోసం చూస్తాను. పాపం, వాళ్లలో ఎవరైనా నీళ్లకు లేచినవాడి వెనక పోతున్నారేమోనని.