మొదటి ఫ్రేమ్

2011 వేసవిలో మా పత్రిక యాజమాన్యం మెదక్ డివిజన్ ఫొటోగ్రాఫర్‌నైన నాకు ఇంకో బాధ్యత అప్పగించింది. అప్పటిదాకా జిల్లా పేజీకి పంపుతున్న ఫొటోలను ఇకపై వెబ్ ఎడిషన్‌కు కూడా పంపాలన్నారు. మా వృత్తిలో ఫొటోకింత అని డబ్బు తీసుకునేవాడు స్ట్రింగరు, నెల జీతం ఉన్నవాడు స్టాఫ్ ఫొటోగ్రాఫరు. ఏది వేయాలో, ఏది పక్కన పెట్టాలో హైదరాబాద్ డెస్క్‌లో కూర్చుని తేల్చేది ఫొటో ఎడిటరు. నేను స్టాఫ్‌వాణ్ణి. రిటైర్మెంట్ మరీ దూరంలో లేని వయసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

అప్పటికే తెలంగాణ జిల్లాల్లో వెబ్‌కు పనిచేసే ఫొటోగ్రాఫర్లు, విలేకరులు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎవరు తీసిన ఫొటో అయినా అందులో పెడితే అందరూ పేరు వేసి వాడుకోవచ్చు. మా పత్రిక ఫొటో ఎడిటర్ సరళ మేడం ఆ గ్రూపును చూసుకునేవారు. నన్ను చేర్చింది కూడా ఆమే. ఒకరు వీడియోలు కోసి అతికిస్తారు, ఒకరు ఉద్యమ పాటలు రికార్డు చేసి పెడతారు. టేక్మాల్ స్ట్రింగర్ రమేశ్ అయితే అందరికంటే ముందు ఫొటో పెట్టేస్తాడు. నేను ఒంటి వేలితో తెలుగు టైపు చేసి క్యాప్షన్ పెట్టేసరికి ఆ వార్త పాతబడిపోయేది. ఇక్కడ నాతో ఎవరికి పని అని చాలాసార్లు అనుకున్నాను. తప్పుకుంటానని సరళ మేడంకు రెండుసార్లు చెప్పబోయి, నామోషీతో ఆగిపోయాను.

నాకున్న అలవాటొకటి చూసి మాత్రం గ్రూపులో అందరూ నవ్వేవారు. ఎక్కడికి వెళ్ళినా నేను ముందు తీసేది అసలు ఫొటో కాదు. అక్కడికి దగ్గరలో ఉన్న పేపర్ల దుకాణం. ఆ రోజు పత్రిక మొదటి పేజీ, దుకాణం బోర్డు మీద ఊరి పేరు రెండూ కనిపించేలా ఒక ఫ్రేమ్ తీసి, ఆ తర్వాతే పనిలోకి దిగుతాను. ఫిల్ము రోజుల్లో నాకు పని నేర్పిన స్టూడియో యజమాని సత్తార్ సాబ్ పెట్టిన పద్ధతి ఇది. ఒకే రోల్‌లో హవేలిఘనపూర్ పెళ్ళి, ఏడుపాయల జాతర, మంత్రిగారి శంకుస్థాపన కలిసి ఉండేవి. ల్యాబ్ నుంచి నెగటివ్‌లు ముక్కలై వచ్చేవి. ఏది ఏ పనిదో మొదటి ఫ్రేమే చెప్పాలి. ఫిల్ము వృథా కదా అని నేను గొణిగితే సత్తార్ సాబ్ అనేవారు: “ఒక్క ఫ్రేమ్ పోతే ఏం గాదు బేటా. పెండ్లికొడుకు మారిండంటే మాత్రం దుకాణం బంద్.”

“కెమెరానే తారీఖు ఏస్తది గదనే నర్సన్నా, ఇంక పేపర్ ఫొటో ఎందుకే?” అని రమేశ్ ఆటపట్టించేవాడు. అలవాటు మాత్రం పోలేదు.

ఆ ఏడాది తెలంగాణ కోసం సాగిన సమ్మెల కాలంలో మెదక్ రాందాస్ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం ఆ రోజుల్లో నిరసన పద్ధతి. జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ కిష్టయ్య సార్ నెత్తికి తువ్వాల చుట్టి, పొడుగాటి గంటెతో బగారా అన్నం కలిపారు. నేనూ, రమేశ్ ఇద్దరం ఫొటోలు తీశాం. కొన్ని వారాల తర్వాత బంద్ నాడు అదే చౌరస్తాలో ఎవరో బస్సు అద్దం పగలగొట్టారు. మర్నాడు ఓ చిన్న వెబ్‌సైట్‌లో “బస్సుపై దాడికి దిగిన ఆందోళనకారులు” అంటూ రమేశ్ పేరుతో ఫొటో వచ్చింది. అందులో ఉన్నది కిష్టయ్య సారే. చేయి పైకెత్తి, ఏదో అరుస్తూ, చేతిలో కర్రతో ఉన్నారు. అది కర్ర కాదు, గంటె. కింది కొస ఫ్రేమ్‌లో పడలేదు.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చారు. కాంట్రాక్టు రెన్యువల్ అదే నెలలో ఉంది. ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగారట. మనిషి కూర్చోలేకపోతున్నారు.

“బస్సు అద్దం పలిగిననాడు నేను ఊర్లనే లేనన్నా. మా అమ్మను దవాఖానకు తీస్కపోయిన. ఎవలకు జెప్పినా ఫొటోల నువ్వే ఉన్నవ్ గద అంటుండ్రు. నౌకరి పోతే ఇల్లెట్ల గడుస్తది?”

“జర కూసోండ్రి సార్, పరేషాన్ గాకుండ్రి. వంటావార్పు నాడు నేను గూడ ఉన్న గద” అన్నాను.

ముందు రమేశ్‌కు ఫోన్ చేశాను. సంగతి తేలింది. ఆ వారాల్లో టేక్మాల్‌లో నెట్ పోయి, తీసినవన్నీ దాచుకుని, సరిగ్గా బంద్ రోజున మెదక్ వచ్చి నెట్ సెంటర్‌లో ఒకేసారి గ్రూపులో పెట్టాడు. తొందరలో క్యాప్షన్లు రాయలేదు. పెట్టిన రోజునే తీసిన రోజుగా వెబ్‌సైట్ వాళ్ళు అనుకున్నారు. కెమెరాలో తేదీ చూపిద్దామంటే, అంతకు చాలాముందే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి గడియారం మొదటికి పోయింది. ప్రతి ఫొటో మీదా ఏనాటిదో తేదీ. అతని కెమెరా సాక్ష్యానికి పనికిరాదు.

నా ఫోల్డర్ తెరిచాను. మొదటి ఫ్రేమ్‌లో చౌరస్తా పేపర్ల దుకాణం, దారానికి వేలాడుతున్న ఆ రోజు పత్రిక, తేదీ స్పష్టంగా ఉన్నాయి. రెండో దాంట్లో అదే దుకాణం ముందు పొయ్యి వెలిగిస్తున్నారు. ఆ తర్వాత అదే గళ్ళ చొక్కా, అదే తువ్వాలతో కిష్టయ్య సార్, అన్నం గుండిగలో గంటె. ఇంకోదాంట్లో ఆయన గంటె పైకెత్తి నినాదం ఇస్తుంటే, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని రమేశ్ అదే క్షణాన్ని తీస్తున్నాడు. కిష్టయ్య సార్ ఆ ఫొటో చూసి కళ్ళు తుడుచుకున్నారు.

గ్రూపులో ఇదంతా రాయడానికి ఒంటి వేలితో మొదలుపెట్టాను. సగంలో సరళ మేడం ఫోన్ చేశారు. “మీరు టైప్ చేస్కుంట కూసోకుండ్రి సార్. ఫొటోలు వరుసగ పంపుండ్రి, మిగతాది నేను చూస్కుంట” అన్నారు. ఆమె ఆ వెబ్‌సైట్ వాళ్ళతో మాట్లాడి, సాయంత్రానికల్లా ఆ ఫొటోను తొలగింపజేసి సవరణ వేయించారు. కిష్టయ్య సార్ దాన్ని ప్రింటు తీసి, నా ఫొటోలతో కలిపి ప్రిన్సిపాల్‌కు ఇచ్చారు. సంజాయిషీ అక్కడితో ముగిసింది. రెన్యువల్ అయింది.

రమేశ్ ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు. కిష్టయ్య సార్ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. “ఫొటో మంచిగనే దీసినవ్ తమ్మీ. గంటెను గూడ పూర్తిగ దియ్యాలె గదా” అన్నారంతే.

ఆ వారమే సరళ మేడం గ్రూపులో ఒక నియమం పెట్టారు. ఉద్యమం ఫొటో ఏదైనా, ఎక్కడిదో ఎప్పటిదో నర్సింలు గారు చూసి సరే అన్నాకే బయటికి పోవాలి. అనుమానం వస్తే తీసినవాడికి ఫోన్ చేసి అడగడం నా పని. ఎవరూ కాదనలేదు. పైగా కరీంనగర్, ఆదిలాబాద్ మిత్రులు కూడా ముందుగా పేపర్ల దుకాణం తీయడం మొదలుపెట్టి, దానికి ‘మెదక్ ఫ్రేమ్’ అని పేరు పెట్టారు. రమేశ్ మా ఇంటికొచ్చి, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడే కీబోర్డ్ ఎక్కించి ఓపికగా నేర్పించాడు. ఆ రోజుల్లో వాళ్ళు నా మీద చూపిన ఓర్పుకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. వెళ్ళిపోదామనుకున్న చోటే మిగిలిన సర్వీసంతా సంతోషంగా చేశాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజున చౌరస్తా నిండా జనం, రంగులు, డప్పులు. నేను ముందు పేపర్ల దుకాణం దగ్గరికే వెళ్ళాను. అక్కడ రమేశ్ అప్పటికే కెమెరా ఎత్తి నిలబడి ఉన్నాడు. “జర జరుగే నర్సన్నా, తారీఖుకు అడ్డమొస్తున్నవ్” అన్నాడు. జరిగాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. కొత్త పనిలోకి వెళ్ళినవాడు అక్కడివాళ్ళంత వేగంగా పరుగెత్తాలని చూడనక్కరలేదు. తనకు చేతనైన పని మానకుండా చేయాలి. దానికి ఎక్కడ చోటుందో సాధారణంగా ముందు కనిపించేది పక్కవాళ్ళకే.