కూతురి ఎదురుగా అన్నం

నాలుగు పెళ్లిచూపులు తప్పిపోయాక, ఐదోవాళ్లు వచ్చేలోపు నాగజ్యోతి సన్నబడాలని వాళ్లమ్మ పున్నమ్మ పట్టుబట్టింది. రేపల్లెలో వాళ్లకి వ్యవసాయం ఉంది, పాడి ఉంది. ఇంటిల్లిపాదీ గడ్డపెరుగు వేసుకుని తింటుంటే ఆ పిల్ల మాత్రం రెండు నెలలపాటు రెండు పుల్కాలతో లేచిపోయేది. "నీ మంచికేనే" అనేది పున్నమ్మ. ఆ సంబంధం కుదిరింది. తెనాలిలో ఎరువుల కంపెనీలో పనిచేసే శశిధర్‌తో పెళ్లయింది. పస్తులుంటే ఫలితముంటుందని నాగజ్యోతికి ఇరవై రెండేళ్లకే గట్టి నమ్మకం ఏర్పడింది.

ఆ నమ్మకం మరో ఇరవై ఏళ్లు ఆమెను వదల్లేదు. తెనాలిలోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతూ, ఒక ఏడు కొబ్బరినూనె, నిమ్మకాయలూ, ఒక ఏడు కొర్రలు, ఇంకో ఏడు పగలంతా మంచినీళ్లు అన్నట్టు గడిపింది. పది కిలోలు తగ్గేది, పన్నెండు పెరిగేది. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని "చాలండి, చాలండి" అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేది. ఇంటికొచ్చాక ఫ్రిజ్ ముందు నిలబడి పొద్దుటి పులిహోర గిన్నెలోంచే గబగబా తినేది. తిన్నాక "సిగ్గులేని జన్మ" అని పైకే తిట్టుకునేది. పక్కగదిలో కూతురు చందన హోంవర్క్ చేసుకుంటూ ఉండేది.

చందనని మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. "నువ్వు తినమ్మా, ఎదిగే పిల్లవి" అనేది. తన తల్లి చేసిన తప్పు తాను చెయ్యడం లేదని లోలోపల గర్వపడేది కూడా.

చందన బాపట్లలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, ఒక మార్చి మధ్యాహ్నం హాస్టల్ నుంచి ఫోనొచ్చింది. ల్యాబులో కళ్లు తిరిగి పడిపోయిందట. నాగజ్యోతి క్లాసు మధ్యలో వదిలేసి రైలెక్కింది. ఆసుపత్రి మంచం మీద చందన పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుని పడుకుని ఉంది. అంత ఎండలోనూ పిల్లకి చలేస్తోంది. సంక్రాంతి సెలవుల్లో కూడా ఒంటినిండా వదులు బట్టలే వేసుకుని తిరిగిందని అప్పుడు గుర్తొచ్చింది. స్వెట్టర్ చెయ్యి పైకి జరిపేసరికి నాగజ్యోతి వేళ్లకి ఎముకే తగిలింది. డాక్టర్ శ్రీలక్ష్మి బరువు చూసి రాసింది. ముప్ఫై ఆరు కిలోలు.

ఆవిడ తల్లిని పక్కకి పిలిచింది.

"ఇంట్లో ఎవరైనా డైటింగ్ చేస్తారా అమ్మా?"

లేదని చెప్పబోయింది నాగజ్యోతి. కానీ "నేనేనండి" అంది.

"ఎన్నాళ్లబట్టి?"

"దాని పుట్టుకకి ముందునుంచీనండి."

డాక్టరు తలూపి చీటీ అందుకుంది. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది నాగజ్యోతికి. గుంటూరులో మానసిక వైద్యుడి పేరు రాసిచ్చి, ఆవిడ నెమ్మదిగా చెప్పింది: "ఇంట్లో బరువు మాటెత్తకండి. బరువు చూసే మిషనుంటే తీసేయండి. మూడు పూటలా ఒకే వేళకి కూర్చోండి, తనకి పెట్టిందే మీరూ తినండి. భయం లేకుండా మీరు తినడం తను చూడాలమ్మా."

స్కూలుకి సెలవు పెట్టి కూతుర్ని తెనాలి తెచ్చుకుంది. మొదటిరోజు ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. తన కంచంలో వడ్డించుకోబోయి ఆగిపోయింది. ఎంత పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ గిన్నెలతో, చెంచాలతో కొలుచుకున్నదే తప్ప, చాలా, ఇంకా కావాలా అని కడుపుని అడిగిన పాపాన పోలేదు. నవ్వుతూ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"నటించకమ్మా" అంది చందన.

నిజమే, నటనే. అయినా ఆపలేదు. మూడు నెలలు గడిచేసరికి ఏదో కొంత నిజమైంది. ఒక ఉదయం చందనతో గుంటూరు డాక్టరు దగ్గరికని బస్సు కోసం వెళుతూ స్టాండు దగ్గర పెసరట్టు తిన్నది. అల్లం పచ్చడితో, ఆకలేసి, వేడివేడిగా. తిన్నాక తిట్టుకోవడం మరిచిపోయానని బస్సెక్కాక గానీ గమనించలేదు. నలభై మూడేళ్లకి అంత చిన్న సంగతికి కళ్లనీళ్లు తిరిగాయి. పక్కసీట్లో ఉన్న చందనకి చెప్పింది. చందన ఆమె పొట్టవైపు చూసింది.

"నువ్వు లావైపోయావమ్మా. నేనూ తింటే ఇలాగే అవుతాను."

ఆ మాటలో వెటకారం లేదు, వణుకు ఉంది. నాగజ్యోతికి తెలుసు, ఆ భయానికి మాటలు నేర్పింది తనే.

ఎండలు తగ్గాక రేపల్లె తీసుకెళ్లింది. పున్నమ్మ గుమ్మంలోనే గుండెలు బాదుకుంది. "ఏంటే, పిల్ల పుల్లలా అయిపోయింది! నువ్వేమో ఇలా ఊరిపోయావు!"

"అమ్మా, ఆ మాటలు ఇంక అనొద్దు."

"నేనేమన్నానే? నా పిల్లల్ని నేను అనకూడదా?"

ఆ మధ్యాహ్నం పున్నమ్మ స్వయంగా అన్నం కలిపి మనవరాలికి ముద్దలు పెట్టింది. చందన కాదనలేదు. మూడు ముద్దలు తీసుకుంది. నోరు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి, బుగ్గన దాచిందంతా అరటిచెట్ల వెనక ఉమ్మేసింది. తల్లీ, అమ్మమ్మా ఇద్దరూ వంటింటి కిటికీలోంచి చూశారు. పున్నమ్మ కలిపిన అన్నం గిన్నె పక్కన పెట్టి గోడకి జారగిలబడింది. ఆపూట ఆవిడా తినలేదు.

చదువు ఆగిపోయింది. ఈ ఏడాదిలో రెండుసార్లు గుంటూరు ఆసుపత్రిలో పెట్టి సెలైను ఎక్కించారు. బరువు చూసేరోజు చందన ముందుగా సీసాలకొద్దీ నీళ్లు తాగుతోందని నర్సు కనిపెట్టింది. అయినా ముప్ఫై నాలుగే. "కొందరికి ఏళ్లు పడుతుందమ్మా" అన్నాడు అక్కడి డాక్టరు. మిగిలినవాళ్ల సంగతి అడిగే ధైర్యం నాగజ్యోతికి లేకపోయింది.

నిన్న గుత్తివంకాయ కూర. శశిధర్ తిని పనికి వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు ఎదురెదురుగా గంటసేపు కూర్చున్నారు. చందన నాలుగు ముద్దలు తిన్నది, ఐదోది కలిపి వదిలేసింది. ఇంకొక్కటి తినమని నాగజ్యోతి అడగలేదు. అడిగితే ఆ నాలుగూ ఉండవని తెలుసు. తన కంచంలో మజ్జిగ పోసుకుని, ఆకలి తీరేదాకా నిదానంగా తిన్నది. కూతురు మొహం పక్కకి తిప్పుకుంది.