చింతపండుతో తోమిన దేవదూత

దేవదూత రెక్కల బంగారం పోగొట్టింది నేనేనని ఆ రోజు చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు ఏలూరులో డ్రాయింగు మాస్టారిగా ఉండేవాణ్ణి. క్యాలెండర్లు చూసి యూరపు కళంతా ఔపోసన పట్టేశాననుకునేవాణ్ణి. ఒక కాన్వెంటు చర్చిలో ఓడ మీద వచ్చిన మూడొందల ఏళ్ల నాటి దేవదూత విగ్రహం ఉండేది. పండగకు దాన్ని మెరిపించమని అక్కడి మదర్ నన్ను పిలిచారు. "ఇత్తడికి చిలుము పట్టింది" అని తేల్చేసి చింతపండు నానబెట్టాను.

"అది ఇత్తడి కాదు, చెక్కండీ మాస్టారూ! నేను పొడిగుడ్డతోనే తుడుస్తానండి" అంది చర్చి ఊడ్చే మార్తమ్మ.

"కళ గురించి నాకే చెబుతావా?" అని తోమాను. రెక్కల మీది బంగారు పూత ఊడి, దాని కింద అంటుగా పూసిన ఎర్రమట్టి బయటపడింది.

మదర్ నిర్ఘాంతపోయి అడిగితే, పులుపు చేతులు జేబుల్లో దాచుకుని, "రోజూ తుడిచేది మార్తమ్మే కదండీ" అన్నాను. అబద్ధం ఆడలేదని గర్వపడ్డాను కూడా. బంగారం గీకిందని మార్తమ్మను పనిలోంచి తీసేశారు.

ఏడేళ్లకు మండవల్లిలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో కొల్లేటి చేపలు తోముతోంది.

"ఇప్పుడేం తోమడానికొచ్చారండీ మాస్టారూ?"

"తప్పు నాదండీ మార్తమ్మగారూ. మదర్‌కి అంతా రాసిచ్చి వస్తున్నానండి. నన్ను క్షమించండి."