ఆ సీటు కోసం ఆపిన బస్సు

కరోనాకి ముందు ఏడాది నన్ను విజయనగరం నుంచి రాజాం వెళ్ళే పల్లె సర్వీసు మీద కండక్టరుగా వేశారు. పదో తరగతితో బడికి దండం పెట్టిన నాకు నోరే పెట్టుబడి. చిల్లర తగాదా అయినా, సీటు తగాదా అయినా ఒక ఛలోక్తి విసిరితే తీరిపోయేది.

ఒక ఉదయం విజయనగరం బస్టాండు కాంప్లెక్సులో ఆఫ్రికా కుర్రాడొకడు ఎక్కాడు. ఆ దారిలోని ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నాడు. టిక్కెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు నిండింది. జనం నిలబడ్డారు గానీ అతని పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.

నెల్లిమర్లలో ఎక్కిన పెద్దాయన నన్ను పిలిచాడు.

"ఓ కండక్టరూ, ఆ నల్లోణ్ణి ఎనక్కి పొమ్మను. నేను కూకోవాల."

"పక్కన ఖాళీగా ఉన్నాది గదా మావా, కూకో."

"ఆడి పక్కనా?"

"రంగేటీ అంటుకోదులే మావా. అంటుకున్నా నీకు తేడా తెలీదు."

బస్సంతా నవ్వింది. కుర్రాడికి తెలుగు రాదు. అందరూ తనను చూస్తూ నవ్వడమే అతనికి కనిపించింది. సంచీ తీసుకుని లేచి, వెనక్కి నడవబోయాడు. నా ఛలోక్తి పెద్దాయన నోరు మూయించలేదు. కూర్చున్న మనిషిని మాత్రం లేపేసింది.

మా పనిలో ఒక బెల్లు కొడితే ఆపమని, రెండు కొడితే పొమ్మని. రెండు బెల్లులు వినపడనిదే డ్రైవరు బండి కదపడు. నేను ఒక బెల్లు కొట్టాను. చెరుకుతోట పక్కన బస్సు ఆగింది.

"ఏటయ్యింది బావా? టైరు గానీ పేలిందేటి?" అన్నాడు డ్రైవరు.

"టైరు బాగానే ఉన్నాది. ఒకాయన్ని సీట్లోంచి లేపేసినారు. ఆయన కూకున్నాకే బండి."

ఆసుపత్రికి వెళ్తున్న ఒకామె కసిరింది. "ఆడే ఎల్తన్నాడు గదా, నీకేటి నొప్పి?"

"ఆయన ఎల్లటం లేదమ్మా, మనం పంపుతన్నాం."

కుర్రాడు పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో "యువర్ టికెట్, యువర్ సీట్" అన్నాను. ఆడవాళ్ళకి, వికలాంగులకి కేటాయించిన సీట్లు తప్ప, టిక్కెట్టు కొని కూర్చున్న మనిషిని లేపే హక్కు కండక్టరుకే లేదని పెద్దాయనకి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొంతసేపటికి కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. రెండు బెల్లులు కొట్టాను.

పెద్దాయన చీపురుపల్లి దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. అది ఆయన ఇష్టం. పక్క సీటు ఖాళీగానే వెళ్ళింది. నేనే కూర్చోవచ్చు గానీ, నిండు బస్సులో కండక్టరు కూర్చుంటే టిక్కెట్లెవరు కొడతారు? దిగేటప్పుడు కుర్రాడు నాకు థాంక్స్ చెప్పలేదు. తన టిక్కెట్టు మీద తాను ప్రయాణం చేసినందుకు చెప్పనక్కర్లేదు కూడా.

ఎవరి మనసూ మార్చే అధికారం కండక్టరుకి లేదు. కూర్చున్న మనిషిని లేపనివ్వకుండా ఆపే అధికారం ఉంది. దాన్ని వాడే ముందు, లేచిన మనిషి సరేనన్నాడా అని చూడకూడదు. అవమానం అలవాటైన మనిషి అన్నిటికీ సరేనంటాడు.