పాట లేని ఏడాదిలో పాట పరీక్ష

మధ్యాహ్నం మూడూ పదికి సంగీతం పీరియడు మొదలైంది. శ్రుతిపెట్టె తిత్తి చిరిగి ఉండడంతో టీచరుగారు ఒక చేత్తో దాన్ని అదిమిపట్టుకుని మా చేత వర్ణం పాడించారు. పీరియడు అయ్యేలోపే చిన్నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నెల్లూరు ఆసుపత్రిలో మా అన్న రెండింటికే పోయాడు. టైఫాయిడు. నేను పాడింది అతను పోయిన తరువాత.

అవి అరవైల తొలి ఏళ్ళు. నాది ఎస్.ఎస్.ఎల్.సి. ఆఖరి ఏడాది. మా బడిలో ఆడపిల్లలు మామూలు లెక్కలు తీసుకునేవారు. బీజగణితం, త్రికోణమితి ఉండే కాంపోజిట్ లెక్కలు తీసుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ లెక్కలు అన్న కోరిక. పరీక్షకు ఇంకో సబ్జెక్టుగా సంగీతం అమ్మ కోరిక. అమ్మకు పాఠం చెప్పినవాళ్ళు లేరు. చిన్నప్పుడు పక్కింట్లో పాఠం జరుగుతుంటే గోడకు ఇవతల కూర్చుని నేర్చుకుంది. రోజూ పొద్దున చేటలో బియ్యం ఏరుతూ పాడేది.

అన్న నెల్లూరులో రైసుమిల్లు గుమాస్తా. ఆదివారాలు ఊరికి వచ్చి నాకు త్రికోణమితి చెప్పేవాడు.

"ఏమ్మే, సైన్ తీటాని కూడా మోహనంలో పాడతావా పరీక్షలో?"

"పాడినా నీకంటే ఎక్కువే వస్తాయిలే అన్నా."

"ఇద్దరూ నోరు మూసుకోని అన్నానికి రాండి" అనేది అమ్మ.

నేను పాసయితే నెల్లూరు కాలేజీలో పి.యు.సి.లో చేర్చడానికి అన్న నాన్నను ఒప్పించాడు. ఒక్క సబ్జెక్టు పోయినా చదువు మాన్పించేస్తానని నాన్న షరతు. అన్న పోయాక ఆ షరతు మిగిలింది.

చావు జరిగిన ఇంట్లో సంవత్సరీకం అయ్యేదాకా పాట ఉండదు. మా వైపు దాన్ని గట్టిగా పాటించేవారు. పాట పరీక్ష అన్న పోయిన ఎనిమిదో నెలలో వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు మా ఇంటికి వచ్చారు.

"పాడకపోతే సున్నా వేస్తారమ్మా. లెక్కల్లో నూరొచ్చినా పిల్ల ఫెయిలే."

"కొడుకు పోయిన ఇంట్లో పాటేందమ్మా?" అంది అమ్మ. "బడిలో పాడినా పాటే గదా."

ఆమెను ఎదిరించాలని నాకు అనిపించలేదు. నాకూ గొంతు విప్పబుద్ధి కాలేదు. సంగీతం పీరియడులో పెదవులు కదపకుండా తాళం మాత్రం వేసేదాన్ని. ఇంట్లో అన్న రాసిచ్చిన లెక్కల నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, దాని అట్ట మీద అరచేత్తో దెబ్బ వేసి, వేళ్ళు లెక్కపెట్టి, వర్ణం మొదటి నుంచి చివరిదాకా మనసులోనే నడిపేదాన్ని. అట్ట మీద చెయ్యి పడిన చోట అతని అక్షరాలు చెరిగిపోయాయి. అది ఆలస్యంగా గమనించాను.

ఒక పొద్దున అమ్మ ఎదురుగా బియ్యం ఏరుతోంది. నేను తాళం వేస్తున్నాను.

"ఏందే ఆ తొందర? చరణం కాడ మూడో వేలు తప్పించినావు" అంది, తల ఎత్తకుండా.

నేను వేస్తున్నది ఏ పాటకో ఆమెకు చెప్పలేదు. ఎక్కడున్నానో కూడా చెప్పలేదు. ఆమె కూడా మనసులో నాతోపాటే మొదటి నుంచీ వస్తోంది.

చెయ్యి ఆపేశాను. ఆమె చేట కింద పెట్టి అంది. "పరీక్షకు పో. అక్కడ పాడుకో. ఇంట్లో మాత్రం వొద్దు."

పరీక్షకు వచ్చిన పెద్దాయన శ్రుతి పెట్టించి కళ్ళు మూసుకున్నారు. నోరు తెరిస్తే గాలి వచ్చింది, తరువాత గొంతు వచ్చింది, అది నాది కాదనిపించింది. పై షడ్జమం అందలేదు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు.

"ఎన్నాళ్ళయిందమ్మా పాడి?"

"ఎనిమిది నెలలండి."

ఆయన మార్కుల కాగితం ముందుకు లాక్కున్నారు. సంగీతంలో గట్టెక్కడానికి సరిపడా వచ్చాయి, లెక్కల్లో బడికంతా ఎక్కువ. నాన్న మాట తప్పలేదు. నెల్లూరు వెళ్ళాను, లెక్కలే చదివాను, లెక్కలే చెప్పి రిటైరయ్యాను.

సంవత్సరీకం అయిన మరుసటి వారం సెలవులకు ఇంటికి వచ్చాను. అమ్మ చేట ముందు కూర్చుని ఉంది.

"అమ్మా, ఏడాది దాటింది గదా."

"దాటింది" అంది. ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

ఆమె ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికింది. బియ్యం ఏరుతూ పాడడం మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.